మూటగట్టిన సరకులు - ముడివడిన పన్ను



బి.కాం. తరగతిలో వస్తు సేవల పన్నును బోధించునపుడు ఏటేటా మా పాఠము ఒకే చోట ఆగుచుండును. సంయుక్త సరఫరా, మిశ్రమ సరఫరా అను రెండు మాటలే ఆ చోటు. నిర్వచనములను వల్లెవేసి పరీక్షలో వ్రాయువారు పలువురు గలరు. అంగడిలో నిలబడి, ఎదుటనున్న పొట్లమును చూచి, ఇది వీనిలో ఏది యని చెప్పగలవారు మాత్రము కొందరే.

ఈ సంవత్సరము రంజాన్ మాసమునకు ముందు ఒక విద్యార్థి తరగతి ముగిసిన పిమ్మట ఒక అట్టపెట్టెను తెచ్చి మా బల్లపై నుంచినాడు. అందు ఖర్జూరములు, బాదము, జీడిపప్పు, సేమ్యా, పంచదార, చాక్లెట్లు, ఒక కూల్ డ్రింక్ సీసా కలవు. పైన రంగు కాగితము, రిబ్బను, ఒకే ధర.

"సార్, మా అబ్బా కొట్లో పండక్కి ఇవి కట్టి అమ్ముతున్నాం. 5 శాతం వేస్తున్నాం. సరిపోతుందా?" అని అడిగినాడు.

"ఈ సీసా సంగతేమిటి?" అంటిమి.

"అది ఒక్కటే కదా సార్, యాభై రూపాయలది!"

ఆ యాభై రూపాయల సీసాయే ఈ వ్యాసమునకు కారణము. దానివలన ఆ పెట్టె మొత్తమునకు 40 శాతము పన్ను పడునని చెప్పగా అతడు నమ్మలేదు. నమ్మకపోవుట సహజమే. కనుక చట్టము ఏమనుచున్నదో, ఎందుకట్లు అనుచున్నదో కొంత తీరికగా పరిశీలింతము.

మన దేశమున వస్తు సేవల పన్ను 2016 నాటి 101వ రాజ్యాంగ సవరణ ఆధారముగా 2017 జూలై 1వ తేదీన అమలునకు వచ్చినది. కేంద్ర చట్టమందును, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముల చట్టములందును మనకు కావలసిన నిర్వచనములు ఒక్కటే. 2వ సెక్షన్ 30వ క్లాజు సంయుక్త సరఫరాను, 74వ క్లాజు మిశ్రమ సరఫరాను, 90వ క్లాజు ప్రధాన సరఫరాను నిర్వచించుచున్నవి. పన్ను ఎట్లు వేయవలెనో 8వ సెక్షన్ చెప్పుచున్నది. ఈ నాలుగు చోట్లను చదివినవారు సగము పాఠము చదివినట్లే.

సంయుక్త సరఫరా యనగా, రెండు లేక అంతకు మించిన వస్తువులో సేవలో సహజముగా ఒకదానితో నొకటి ముడివడి, వ్యాపారపు సాధారణ సరళిలో కలిసియే సరఫరా యగుచు, అందొకటి ప్రధానమై, మిగిలినవి దానికి అనుబంధములై యుండుట. మామిడిపండ్లను గంపతో కొనువాడు గంపకొరకు రాలేదు గదా! చట్టమే ఇచ్చిన ఉదాహరణమును చూడుడు. సరకును ప్యాకింగు చేసి, రవాణా చేసి, దారిలో నష్టము రాకుండ ఇన్సూరెన్సు చేసి పంపినచో అదంతయు ఒకే సంయుక్త సరఫరా, సరకే ప్రధానము. అప్పుడు మొత్తము విలువకు ప్రధాన సరఫరా రేటే వర్తించును. రాజధాని ఎక్స్‌ప్రెస్ టిక్కెట్టులో భోజనము చేరియున్నను మనము కొన్నది ప్రయాణమే. ఆసుపత్రిలో చేరిన రోగికి వైద్యుని సలహాపై పెట్టు పథ్యపు భోజనము వైద్యసేవలో భాగమనియు, రోగికి తోడుగా వచ్చినవారు, చూడవచ్చినవారు తిను భోజనము అట్లు కాదనియు 2018 ఫిబ్రవరిలో వెలువడిన సర్క్యులరు స్పష్టము చేసినది. వంట ఒకటే, వంటవాడొకడే. తినువాడు మారగానే పన్ను మారినది.

మిశ్రమ సరఫరాలో ఈ సహజమైన బంధము ఉండదు. వేటికవి విడిగా అమ్ముడుపోగల వస్తువులను వ్యాపారి తన ఇష్టముచే కలిపి కట్టి, ఒకే ధరకు అమ్మును. ఉర్దూ శాఖ మిత్రులు గఠరీ యనునదియు, మనము మూట యనునదియు ఇదియే. మూటలోని వస్తువులకు మూట విప్పిన తరువాత పరస్పర సంబంధమేమియు లేదు. ఇట్టిచోట 8వ సెక్షన్ చెప్పు నియమము కఠినమైనది: మూటలోని వస్తువులలో దేనికి అత్యధికమైన రేటు కలదో ఆ రేటే మూట మొత్తమునకు వర్తించును.

చిత్రమేమనగా, ఈ నిర్వచనము క్రింద చట్టము చూపిన ఉదాహరణము ఇంచుమించు మా విద్యార్థి తెచ్చిన పెట్టెయే. డబ్బాలలో నిలువచేసిన ఆహారము, మిఠాయిలు, చాక్లెట్లు, కేకులు, ఎండుఫలములు, గ్యాసు నింపిన పానీయములు, పండ్లరసములు ఒకే ధరకు కట్టి అమ్మినచో అది మిశ్రమ సరఫరా యని అచట వ్రాసియున్నది. అవి విడివిడిగా సరఫరా అయినచో మిశ్రమ సరఫరా కాదనియు ఆ వెంటనే కలదు. ఈ చివరి వాక్యమును విద్యార్థులు తరచు వదలివేయుదురు. దుకాణదారునకు ప్రాణాధారమైన వాక్యము అదియే!

ఇక లెక్క చూతము. 2025 సెప్టెంబరు 22 నుండి అమలైన రేట్ల ప్రకారము ఖర్జూరములు, బాదము, జీడిపప్పు, సేమ్యా, పంచదార, చాక్లెట్లు అన్నియు 5 శాతపు సరకులే. గ్యాసు నింపిన తీపి పానీయములకు మాత్రము 40 శాతము. (అంతకు పూర్వము ఆ పానీయములకు 28 శాతము పన్ను, దానిపై 12 శాతము సెస్సు ఉండెను.) పన్ను కలుపని విలువలు ఖర్జూరములు, పప్పులు రు. 600, సేమ్యా, పంచదార రు. 150, చాక్లెట్లు రు. 200, సీసా రు. 50 అనుకొందము, మొత్తము రు. 1,000. విడివిడిగా అమ్మినచో 950 రూపాయలపై 5 శాతము చొప్పున రు. 47.50, సీసాపై 40 శాతము చొప్పున రు. 20, వెరసి రు. 67.50. ఒకే ధరకు మూటగట్టి అమ్మినచో వెయ్యిపై 40 శాతము, అనగా రు. 400.

ఆ తండ్రి పెట్టెకు 50 రూపాయల చొప్పున పన్ను వసూలు చేసి కట్టుచున్నాడు. ఆయన ఎవరిని మోసగించినవాడు కాడు. కాని లెక్కలు తనిఖీకి వచ్చిననాడు పెట్టెకు 350 రూపాయలు తక్కువ కట్టినట్లు తేలును. నూరు పెట్టెలకు 35,000. ఈద్‌నాడు కొనుక్కొని పోయినవారిని వెదకి పట్టుకొని ఆ సొమ్ము అడుగజాలడు గదా! తన చేతినుండి కట్టవలసినదే. దానిపై సాలునకు 18 శాతము వడ్డీ. మోసముగాని, దాచిపెట్టుటగాని లేకున్నను, నోటీసు వచ్చిన పిమ్మట గడువులోగా చెల్లించని పక్షమున, పన్నులో పదవ వంతు లేక పదివేలు, ఏది ఎక్కువైన అది పెనాల్టీ. చిన్న దుకాణమునకు ఒక పండుగ లాభము ఇట్లు హరించుకుపోగలదు.

ఇంత కఠినమైన నియమము ఎందుకని విద్యార్థులు అడుగుదురు. అధిక పన్నుగల వస్తువును తక్కువ పన్నుగల వస్తువుల నడుమ దాచి అమ్మకుండుటకే ఈ ఏర్పాటు. మూటకు ఒకే ధర యున్నపుడు అందు ఏ వస్తువునకు ఎంత అని అధికారికి తెలియదు. వ్యాపారి తనకు అనుకూలముగా పంచి చూపవచ్చును. అందుచేత చట్టము "ధరను విడదీసి చూపినచో వేటికవి, చూపనిచో పెద్దరేటు" అనుచున్నది. ఈ తర్కమును మేము కాదనము. కాని పెద్ద కంపెనీలకు పన్ను సలహాదారులు కలరు. వారి పెట్టెలో ఏది ఉండవలెనో, ఏది ఉండరాదో ముందే లెక్కింపబడియుండును. ఈ నియమము తెలియక దెబ్బతినువాడు సందు చివరి దుకాణదారుడే. దాచు తలంపు గలవానిని ఉద్దేశించి చేసిన నియమము దాచు తలంపు లేనివానిపై ఎక్కువగా పడుట మాకు న్యాయముగా తోచదు. వస్తువుల విలువలు కొనుగోలు బిల్లులందు స్పష్టముగా నున్నచోట ఆ విలువల ప్రకారము పంచుకొను అవకాశము చట్టమిచ్చియుండవచ్చును.

ఈ వివాదము వస్తు సేవల పన్నుతో పుట్టినది కాదు. కలిసియున్నవానిని పన్నుకొరకు విడదీయవచ్చునా అను ప్రశ్న మన న్యాయస్థానములలో అరువది యేండ్లకు పైబడి నలిగినది. ఇల్లు కట్టించు కాంట్రాక్టులో ఇటుక, సిమెంటు అమ్మకము ఇమిడియున్నదని మద్రాసు ప్రభుత్వము అమ్మకపు పన్ను కోరగా, అది విడదీయరాని ఒకే ఒప్పందమనియు, అందు వస్తువుల అమ్మకము లేదనియు 1958లో గానన్ డంకర్లీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. హోటలు భోజనము విషయమునను 1978లో అట్టి తీర్పే వచ్చినది. రాష్ట్రముల రాబడికి గండి పడుటచే 1982లో 46వ రాజ్యాంగ సవరణ తెచ్చి, 366వ అధికరణమున 29-ఎ క్లాజును చేర్చి, అట్టి ఒప్పందములలోని వస్తువులపై పన్ను వేయు అధికారమును కల్పించిరి. నేటి చట్టము ఈ రెండింటిని సేవలుగానే పరిగణింపవలెనని రెండవ షెడ్యూలులో వ్రాసి ఆ పాత తగవును ముగించినది.

విద్యార్థులకు మరింత ఆసక్తి కలిగించునది నోకియా వ్యాజ్యము. వ్యాట్ కాలమున పంజాబు రాష్ట్రములో సెల్‌ఫోనునకు 4 శాతము, ఇతర వస్తువులకు 12.5 శాతము పన్ను. ఫోను, ఛార్జరు ఒకే పెట్టెలో ఒకే ధరకు వచ్చును. ఛార్జరుకు ఏ రేటు? ఫోనుతోపాటు 4 శాతమే యని కంపెనీ వాదము. అక్కడి హైకోర్టు ఆ వాదమును అంగీకరించినది. సుప్రీంకోర్టు 2014 డిసెంబరులో దానిని త్రోసిపుచ్చినది. ఛార్జరు ఫోనులో భాగము కాదు, అది ఉపకరణము మాత్రమే, విడిగాను అమ్ముడుపోవును, కనుక దానికి 12.5 శాతము కట్టవలసినదే యని తీర్పు. ఛార్జరు లేని ఫోనుతో ఏమి చేసికొందుము సార్ యని మా తరగతిలో ఒకమారు పెద్ద చర్చయే నడిచినది. ఆ తీర్పు నాటి పంజాబు వ్యాట్ షెడ్యూలులోని పదములపై ఆధారపడినది. సంయుక్త సరఫరా యను భావన ఆ చట్టమున లేదు. ఇప్పటి నిర్వచనమును పట్టి చూచినచో ఫోనే ప్రధానము, ఛార్జరు దాని అనుబంధము అనుట తేలిక. నేడు రెండింటికిని 18 శాతమే యగుటచే ఆ తగవునకు అవసరము కూడ తీరినది. పన్నురేట్లు ఒకటైనచోట మూట గొడవయే లేదని దీనివలన గ్రహింపవలెను.

క్రొత్త చట్టము వచ్చిన పిమ్మట యు.పి.ఎస్., బ్యాటరీల జంట ముందుకు వచ్చినది. 2018లో పశ్చిమ బెంగాల్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ యెదుట ఒక వ్యాపారి, బ్యాటరీ లేనిదే యు.పి.ఎస్. పనిచేయదు గనుక రెండును సహజముగా ముడివడినవే యని వాదించినాడు. అథారిటీ అంగీకరింపలేదు. యు.పి.ఎస్.ను ఒక చోట, బ్యాటరీని మరొక చోట కొనవచ్చును గనుక, ఒకే ధరకు కలిపి అమ్మినపుడు అది మిశ్రమ సరఫరాయే యన్నది. నాడు బ్యాటరీకి 28 శాతము గనుక మొత్తమునకు అదే పడినది. కలిసి పనిచేయుట వేరు, కలిసి అమ్ముడుపోవుట వేరు అను తేడాను ఇచట గమనింపుడు. వస్తువుల ఉపయోగములోని సంబంధము చాలదు. వ్యాపారములో అవి సాధారణముగా విడదీయబడకుండ అమ్ముడుపోవుచున్నవా అనునదే ముఖ్యము.

మరియొక వ్యాజ్యము కేరళది. ఒక ఔషధ కంపెనీ ఆసుపత్రులకు రోగ పరీక్షా యంత్రములను వెల లేకుండ ఇచ్చి, వానికి కావలసిన రసాయనములను తన డిస్ట్రిబ్యూటరు ద్వారా అమ్మించుచుండెను. ఇది సంయుక్త సరఫరా యని అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ యన్నది. 2020 జనవరిలో కేరళ హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసినది. యంత్రమిచ్చునది ఒకరు, రసాయనము అమ్మునది వేరొకరు, సమయములును వేరు. అట్టివి ఒక్కటిగా ముడివడినవనుట పొసగదని దాని భావము. ముడి యున్నదని చెప్పుటకు ముందు ఒకే వ్యక్తి ఒకే గ్రహీతకు ఇచ్చుచున్నాడా అని చూడవలెనను మాట దీనివలన తేలినది.

సహజ బంధమును గుర్తించుట ఎట్లు? సేవాపన్ను కాలమున 2012లో కేంద్ర పన్నుల బోర్డు ప్రకటించిన మార్గదర్శిలో కొన్ని గుర్తులు కలవు. నేటికిని అవియే ఉపయోగపడుచున్నవి. కొనువారు వానిని ఒకే వస్తువుగా ఆశించుచున్నారా, ఆ వ్యాపారములోనివారు పెక్కుమంది అట్లే కలిపి ఇచ్చుచున్నారా, ఒకటి తీసివేసినచో మిగిలినదాని స్వభావము చెడునా అని చూడవలెను. ఒకే ధర యుండుట ఒక గుర్తే కాని అదొక్కటే చాలదు. ఒక ఇంటి క్రింది అంతస్తులో ముద్రణాలయము, పై అంతస్తులో కాపురము, రెండింటికి కలిపి ఒకే అద్దె యనుకొనుడు. పత్రము ఒక్కటే, అద్దె ఒక్కటే. అయినను కాపురమునకును అచ్చుయంత్రమునకును సహజ బంధమేమున్నది?

ఒకటి కొన్నచో మరొకటి ఉచితము అను ప్రకటనల సంగతియు చెప్పవలెను. ఇందు ఉచితము అనునది ప్రకటనలోని మాటయే. 2019 మార్చి 7వ తేదీ సర్క్యులరు ప్రకారము అది రెండు వస్తువులను ఒక వస్తువు ధరకు అమ్ముటయే; సంయుక్తమా, మిశ్రమమా అని చూచి 8వ సెక్షన్ ప్రకారము రేటు నిర్ణయింపవలెను. సబ్బుతో సబ్బు ఇచ్చినచో చిక్కు లేదు. ఎండుఫలముల పెట్టెతో సెంటుబుడ్డి ఉచితమన్నచో 5 శాతపు పెట్టె 18 శాతమునకు ఎక్కును. అయితే ఇట్టి అమ్మకములో వ్యాపారికి ఒక మేలు కలదు. ఆ రెండవ వస్తువు కొనుగోలుపై తాను కట్టిన పన్నునకు ఇన్‌పుట్ క్రెడిట్ లభించును. ఏ ప్రతిఫలము లేకుండ బహుమతిగా ఇచ్చిన వస్తువుపై ఆ క్రెడిట్ లభింపదు.

మధ్యలో ఒక హెచ్చరిక. సంయుక్త సరఫరాకు ఇంగ్లీషున కాంపోజిట్ సప్లయ్ అందురు. చిన్న వ్యాపారుల కాంపొజిషన్ పథకము వేరు. మాట పోలికచే ఏటా పదిమందియైనను పరీక్షలో రెండింటిని కలిపివేయుచున్నారు. ఆ పథకములోని దుకాణదారుడు కొనువానినుండి పన్ను వసూలు చేయరాదు. తన వ్యాపార మొత్తముపై 1 శాతము తానే కట్టును. అట్టివానికి ఈ మూట చిక్కు తగులదు.

మా విద్యార్థి తండ్రి ఆ పథకములో లేడు. కనుక అతనికి మేము చెప్పినది రెండు మార్గములు. సీసాను పెట్టెలోనుండి తీసివేసినచో మిగిలినవన్నియు 5 శాతపువే. మిశ్రమ సరఫరాయే యైనను పెద్దరేటును 5 శాతమే. లేదా ప్రతి వస్తువునకును ధర వేరుగా చూపి, బిల్లులో వేరు వేరు వరుసలలో వ్రాసి, కొనువాడు వలదన్న వస్తువును తీసివేసి ఇచ్చుటకు సిద్ధముగా నుండవలెను. పెట్టెపై ఒకే ధర ముద్రించి, ఏమియు తీసివేయమని చెప్పుచు, బిల్లులో మాత్రము విడదీసి చూపుట మేము మెచ్చము. విడిగా అమ్మితినని చెప్పదలచినవాడు నిజముగా విడిగా అమ్మవలెను. అతడు ఇంటికి పోయి తండ్రితో మాటలాడి, మరునాడు "సీసా తీసేస్తాం అన్నాడు సార్, దాని బదులు షర్బత్ పెట్టొచ్చా అని అడగమన్నాడు" అన్నాడు. ఆ షర్బత్ సీసాపైనున్న హెచ్.ఎస్.ఎన్. సంఖ్యను, కొనుగోలు బిల్లులోని రేటును చూచి రమ్మంటిమి. క్రొత్త వస్తువును పెట్టెలో పెట్టుటకు ముందు చేయవలసిన పని అదియే.

కళాశాల కమిటీ పెద్దలకును ఇందు కొంత పని కలదు. విద్యాసంవత్సరారంభమున నోటుపుస్తకములు, సంచి కలిపి ఒక కిట్టుగా అమ్మదలచిన దుకాణములు, సహకార భండారములు జాగ్రత్త పడవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి నోటుపుస్తకములకు, పెన్సిళ్లకు, రబ్బర్లకు పన్ను లేదు; పుస్తకాల సంచికి 18 శాతము. 600 రూపాయల నోటుపుస్తకములు, 400 రూపాయల సంచి విడిగా అమ్మినచో పన్ను రు. 72, ఒకే ధరకు కిట్టుగా అమ్మినచో రు. 180. పేద విద్యార్థికి ప్రభుత్వము వదలివేసిన పన్నును మనమే సంచిలో కట్టి తిరిగి అతనిచే కట్టించినట్లగును.

మీ చేతిలోనున్న ఈ సంచికతోనే అభ్యాసము చేసి ముగింతము. రచనలు మనవి, కాగితము, సిరా, శ్రమ ముద్రాపకునివి. ఇందు వస్తువు కలదు, సేవయు కలదు, ప్రధానమేది? 2017 అక్టోబరు 20వ తేదీ సర్క్యులరు ప్రకారము విషయము మనమిచ్చి, ముద్రాపకుడు తన కాగితముపై అచ్చువేసిన పుస్తకములు, కరపత్రములు మొదలగువానిలో ముద్రణమే ప్రధానము, అది సేవ. అదే ముద్రాపకుడు కళాశాల చిహ్నమును అచ్చువేసి ఇచ్చిన కవర్లలో కవరే ప్రధానము, అది వస్తువు. రెండింటికిని తేడా ఎందుకు వచ్చినదో ఒక పుటలో వ్రాసి, సెలవుల తరువాత మాకు చూపవలెను.